పాత హెర్బేరియం చీటీల ఆధారంగా అజ్ఞాత సేకర్తలను గుర్తించే పద్ధతి: కృష్ణా డెల్టా నమూనాలకు అన్వయం

సారాంశం

ఎండబెట్టి, కాగితానికి అతికించి భద్రపరచిన పాత మొక్కల నమూనాలలో అనేకం సేకర్త పేరు లేకుండానో, అసంపూర్ణమైన వివరాలతోనో ఉంటాయి. సేకర్త తెలియనప్పుడు సేకరణ స్థలం, కాలం కూడా సందిగ్ధమవుతాయి. ఫలితంగా ఆ నమూనా కలుపు మొక్కల వ్యాప్తి, పంటల వన్య సంబంధుల ఉనికి వంటి అధ్యయనాలకు పనికిరాకుండా పోతుంది. చీటీలోని స్థలనామం, జిల్లా పేరు, సంఖ్య, తేదీ, చేతివ్రాత, తెలుగు పేరు అనే ఆధారాలను ఏ క్రమంలో పరీక్షించాలో విజయవాడ, కృష్ణా డెల్టా, ఉత్తర సర్కారుల ఉదాహరణలతో ఈ వ్యాసం వివరిస్తుంది. ఒంటరి చీటీ నుండి నేరుగా పేరుకు చేరడం ప్రమాదకరమనీ, ముందుగా ఒకే చేతి నమూనాలను కూర్చి ప్రయాణక్రమాన్ని పునర్నిర్మించాలనీ, పేరు ఆ తరువాతి మెట్టు అనీ ఇందలి ప్రధాన ప్రతిపాదన.

ముఖ్య పదాలు: హెర్బేరియం, సేకర్త, చీటీ, నకలు నమూనా, స్థలనామం, కృష్ణా డెల్టా, ఉత్తర సర్కారులు

ఉపోద్ఘాతం

హెర్బేరియం నమూనా ఒక వాంగ్మూలం వంటిది. ఫలానా మొక్క ఫలానా చోట ఫలానా కాలంలో ఉండెనని అది చెబుతుంది. వాంగ్మూలానికి సాక్షి ఎంత ముఖ్యమో నమూనాకు సేకర్త అంత ముఖ్యం. సేకర్త ఎవరో తెలిస్తే అతడు ఆ ప్రాంతంలో ఎప్పుడు ఉన్నాడు, ఏ దారిన వెళ్ళాడు, ఏ పని మీద వెళ్ళాడు అన్న విషయాలు ఇతర పత్రాల నుండి లభిస్తాయి. తేదీ లేని చీటీకి తేదీ, ఊరు లేని చీటీకి ఊరు ఈ విధంగానే సమకూరుతాయి.

వ్యవసాయ విస్తరణ రంగానికి దీనితో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. డెల్టా కాలువలను కమ్మిన గుర్రపు డెక్క, మెట్ట భూములలో వ్యాపించిన వయ్యారిభామ మన నేలకు బయటి నుండి వచ్చినవి. ఒక కలుపు మొక్క ఒక ప్రాంతానికి ఎప్పుడు చేరినదో చెప్పడానికి పాత నమూనాల కంటె గట్టి ఆధారం అరుదు. కాని తేదీని ఊహించి వేసిన ఒక్క చీటీ ఆ చరిత్రనంతటినీ కొన్ని దశాబ్దాలు వెనక్కు నెట్టగలదు. కనుక అజ్ఞాత సేకర్తను గుర్తించడం ఎంత అవసరమో, తప్పు పేరును అంటగట్టకుండా నిగ్రహించుకోవడం అంతకంటె అవసరం.

చీటీ మీద కనిపించే పేరు ఎవరిది?

నమూనా పత్రం మీద ఒక్క పేరు కనిపించగానే అదే సేకర్త పేరని భావించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. ఒకే పత్రం మీద కనీసం అయిదు రకాల వ్యక్తుల పేర్లు ఉండవచ్చును: మొక్కను కోసినవాడు, దానిని పంపినవాడు, గుర్తించి పేరు పెట్టినవాడు, సంగ్రహానికి యజమాని, నకళ్ళను పంచిపెట్టినవాడు. లాటిన్ సంక్షిప్త పదాలు ఈ పాత్రలను వేరుచేస్తాయి. ‘లెగ్.’ అంటే సేకరించినవాడు, ‘డెట్.’ అంటే గుర్తించినవాడు, ‘కమ్.’ అంటే అందజేసినవాడు, ‘ఎక్స్ హెర్బ్.’ అంటే ఫలానావారి సంగ్రహం నుండి వచ్చినది అని మాత్రమే, ‘ఎస్. ఎన్.’ అంటే సంఖ్య లేనిది.

మన ప్రాంతపు చీటీలలో ‘కలెక్టర్’ అనే ఆంగ్ల పదం దగ్గర ప్రత్యేక జాగ్రత్త అవసరం. అది మొక్కల సేకర్తను సూచించవచ్చును. జిల్లా పాలనాధికారిని కూడా సూచించవచ్చును. ‘కలెక్టర్ ఆఫ్ కిస్ట్నా’ ద్వారా వచ్చిన నమూనాను ఆ అధికారి స్వయంగా కోసి ఉండకపోవచ్చును. అది పంపినవారి హోదా మాత్రమే.

శాస్త్రీయ నామం చివర ఉండే కర్త పేరు సేకర్తది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1821లో ఆల్బ్రెష్ట్ రోత్ భారతదేశపు మొక్కలను అనేకం వర్ణించి ప్రచురించాడు. అతడు జర్మనీలోనే నివసించిన వైద్యుడు. అతనికి ఆధారమైన నమూనాలు బెంజమిన్ హైనే సేకరణల నుండి వెళ్ళినవి. పేరు పెట్టినవాడు ఒకరు, సంగ్రహకర్త మరొకరు. హైనే కోసం అడవిలో తిరిగినవారు ఇంకెవరో కూడా కావచ్చును.

ఉత్తర సర్కారుల సంగ్రహాల నేపథ్యం

కృష్ణా, గోదావరి మండలాల తొలి నమూనాలను పరిశీలించేవారికి కొందరి జీవితకాలాలు తెలిసి ఉండాలి. ఇవి సంభావ్య సేకర్తల జాబితాను ఒక్కసారిగా కుదిస్తాయి.

లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోయెనిగ్ 1768లో తరంగంబాడి చేరాడు. 1778 నుండి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. అతని కాగితాలు, నమూనాలు లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. అతని తరువాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడైన పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండెను. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. సామర్లకోట తోట బాధ్యత హైనేకు వచ్చినది. హైనే 1819లో మరణించాడు.

ఈ వివరాలలో ఒకటి ప్రత్యేకించి ఉపయోగపడుతుంది. 1787 మే నెలలో కోరంగి ప్రాంతాన్ని ముంచెత్తిన తుపాను ఉప్పెనలో రాక్స్‌బర్గ్ సంగ్రహాలు, పుస్తకాలు నష్టమయ్యాయి. కనుక అంతకు పూర్వపు రాక్స్‌బర్గ్ నమూనాగా చెప్పబడే పత్రం ఏదైనా కనిపిస్తే, అది తుపానుకు ముందే మరొకరికి పంపబడినదై ఉండాలి. ఎవరికి పంపబడినది, ఏ దారిన ప్రస్తుత స్థానానికి వచ్చినది అన్న ప్రశ్నకు సమాధానం లేనంతవరకు ఆ నిర్ధారణ నిలువదు.

రాబర్ట్ వైట్ 1819లో భారతదేశానికి వచ్చి, తొలి సంవత్సరాలలో ఉత్తర సర్కారులలో కూడా పనిచేసి, 1853లో స్వదేశానికి మరలిపోయాడు. తరువాతి కాలంలో జేమ్స్ సైక్స్ గ్యాంబుల్ 1882 నుండి 1890 వరకు మద్రాసు రాష్ట్రంలో అటవీ సంరక్షకుడుగా ఉండెను. 1915లో ప్రారంభమైన అతని మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథాన్ని సి. ఇ. సి. ఫిషర్ 1936లో పూర్తిచేశాడు. చార్లెస్ ఆల్ఫ్రెడ్ బార్బర్ 1898లో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. వ్యవసాయ శాఖలో కె. రంగాచారియార్ 1921లో దక్షిణ భారత గడ్డి జాతులపై, సి. తాడులింగం, జి. వెంకటనారాయణ 1932లో కలుపు మొక్కలపై కరదీపికలు ప్రచురించారు. ఈ తరం నమూనాలు ముఖ్యంగా ఇప్పుడు కోయంబత్తూరులో ఉన్న మద్రాసు హెర్బేరియంలో వెదకదగినవి.

స్థలనామాలు, జిల్లా సరిహద్దులు

చీటీలోని ఊరి పేరు స్థలాన్ని చెబితే, జిల్లా పేరు కాలాన్ని చెబుతుంది. కృష్ణా డెల్టాకు ఇది అతి విలువైన సాధనం. ఇక్కడి సరిహద్దులు పలుమార్లు మారినవి గనుక.

1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరచారు. అప్పుడు గోదావరి జిల్లాలో ఉన్న ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం, యర్నగూడెం తాలూకాలు 1904లో కృష్ణా జిల్లాకు మారినవి. అదే ఏట గుంటూరు వేరుపడినది. 1925లో ఆ పడమటి గోదావరి తాలూకాలు పశ్చిమ గోదావరి జిల్లాగా విడిపోయినవి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ కేంద్రంగా ఎన్‌టీఆర్ జిల్లా, వాటితో పాటు ఏలూరు, బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడినవి.

వీటిని చీటీలకు అన్వయిస్తే ఈ క్రింది ఫలితాలు వస్తాయి.

బాపట్ల, కృష్ణా జిల్లా: 1859–1904 మధ్యకాలం.
బాపట్ల, గుంటూరు జిల్లా: 1859కి పూర్వం లేదా 1904–2022 మధ్యకాలం.
ఏలూరు, గోదావరి జిల్లా: 1859–1904 మధ్యకాలం.
ఏలూరు, కృష్ణా జిల్లా: 1904–1925 మధ్యకాలం.
ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లా: 1925–2022 మధ్యకాలం.

ఇక్కడ ఒక పరిమితిని మరువరాదు. జిల్లా పేరు చీటీ వ్రాసిన కాలాన్ని సూచిస్తుంది. మొక్క కోసిన కాలాన్ని కాదు. క్షేత్ర పుస్తకం నుండి ఎన్నో ఏళ్ళ తరువాత చీటీని తిరిగి వ్రాసిన సందర్భాలు ఉంటాయి. అలవాటు కొద్దీ పాత జిల్లా పేరునే కొనసాగించిన వ్రాయసగాండ్రూ ఉంటారు. కనుక ఈ అవధిని మొదటి వడపోతగా మాత్రమే వాడాలి.

నిర్మాణాల పేర్లు మరింత గట్టి అవధులనిస్తాయి. బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయినది. ‘బెజవాడ ఆనకట్ట దగ్గర’ అన్న చీటీ అంతకు ముందుది కాజాలదు. ప్రకాశం బ్యారేజీ ప్రస్తావన ఉంటే అది 1957 ప్రాంతం లేదా అటు తరువాతిది. ‘బెజవాడ’ అన్న పేరు మాత్రం వాడుకలో నేటికీ నిలిచి ఉన్నందున దానిని బట్టి కాలనిర్ణయం చేయరాదు.

పాత ఆంగ్ల రూపాలను కూడా పరిచయం చేసుకోవాలి. మసూలిపటం, బందరు ఒకే ఊరు. ఎల్లోర్ అంటే ఏలూరు. మహారాష్ట్రలోని గుహల ఎల్లోరాతో పొరబడరాదు. కొలైర్ అంటే కొల్లేరు. సామల్‌కోటా అంటే సామర్లకోట. ‘మద్రాసు’ అన్నప్పుడు నగరమా, రాష్ట్రమంతయునా అని విచారించాలి. ‘ఇండియా ఓరియెంటాలిస్’ అన్న లాటిన్ మాట తూర్పు భారతదేశాన్ని సూచించదు. ఐరోపావారు తూర్పు ఇండీస్‌గా వ్యవహరించిన విశాల భూభాగాన్ని సూచిస్తుంది. ఆ మాటను చూచి నమూనాను తూర్పు తీరానికి చెందినదిగా నమోదు చేయడం పొరపాటు.

సంఖ్యలు, తేదీలు

పత్రం మీది ప్రతి సంఖ్యా సేకరణ సంఖ్య కాదు. ఈ తేడాకు రెండు ప్రసిద్ధ ఉదాహరణలు ఉన్నవి.

మొదటిది వాలిక్ జాబితా. నథానియల్ వాలిక్ ఈస్టిండియా కంపెనీ సంగ్రహాన్ని 1828 నుండి జాబితాగా వెలువరించాడు. అందులో సంఖ్యలు 9148 వరకు ఉన్నవి. ఆ సంఖ్య ఒక మొక్క జాతికి ఇచ్చిన జాబితా సంఖ్య. ఒకే సంఖ్య కింద వేరువేరు చోట్ల, వేరువేరు వ్యక్తులు సేకరించినవి ఉండవచ్చును. వాటిని ఏ, బీ, సీ అనే అక్షరాలతో వేరుచేశారు. రసెల్, క్లైన్, హైనే, రాట్లర్, వైట్ మొదలైన వారి సంగ్రహాలు ఆ జాబితాలో కలిసి ఉన్నవి. కనుక వాలిక్ సంఖ్య గల నమూనాను వాలిక్ సేకరించినదిగా వ్రాయడం చెల్లదు. అక్షరం ఏదో చూసి, జాబితాలో ఆ అక్షరానికి ఎదురుగా ఇచ్చిన మూలాన్ని పరిశీలించాలి.

రెండవది వైట్ నమూనాల అచ్చు చీటీ. క్యూ ఉద్యానం 1866–67 ప్రాంతంలో వైట్ సంగ్రహం నకళ్ళను అనేక సంస్థలకు పంచిపెట్టినది. ఆ చీటీల మీది సంవత్సరం పంపిణీ సంవత్సరం. వైట్ 1853లోనే భారతదేశాన్ని విడిచిపోయాడు గనుక అది సేకరణ సంవత్సరం కావడం అసంభవం. ఆ చీటీలోని సంఖ్య కూడా పంపిణీకి ఇచ్చినదే. దాని ఆధారంగా ప్రయాణక్రమాన్ని పునర్నిర్మించబూనడం వ్యర్థశ్రమ.

నిజమైన సేకరణ సంఖ్యకు ఒక లక్షణం ఉంటుంది: సంఖ్య పెరిగే కొద్దీ తేదీ ముందుకు జరుగుతుంది, స్థలం దారి వెంట కదులుతుంది. ఈ మూడూ కలిసి నడిస్తేనే అది సేకరణ సంఖ్య. తేదీలలో రెండంకెల సంవత్సరం ఉన్నప్పుడు శతాబ్దాన్ని కాగితం, సిరా, జిల్లా పేరు వంటి ఇతర ఆధారాలతో నిర్ణయించాలి. నెలను రోమను అంకెలతో వ్రాసే ఐరోపా అలవాటును కూడా గుర్తించాలి.

చేతివ్రాత, కాగితం

ఒక్కొక్క పత్రం మీద మూడు నాలుగు చేతివ్రాతలు ఉండడం సాధారణం. మొదట వాటిని ‘క’, ‘గ’, ‘చ’ అని తాత్కాలికంగా పేర్కొని, ఏ మాట ఏ చేతిదో వ్రాసుకోవాలి. అక్షరాల అందం కంటె అలవాట్లను గమనించాలి. అంకెలలో ఒకటి, నాలుగు, ఏడు వ్రాసే తీరు, తేదీలో చుక్కనా గీతనా పెట్టడం, ఊరి పేరుకు వాడే వర్ణక్రమం, సంక్షిప్తాల తీరు వ్యక్తిని పట్టిస్తాయి. సంతకం కంటె అంకెలు నమ్మదగినవి. సంతకాన్ని గుమాస్తా నకలు చేయవచ్చును గాని, తన అంకెల తీరును మార్చుకోడు.

కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టి నీటిగుర్తును చూడాలి. ఆంగ్ల కాగితాలలో 1794 నుండి సంవత్సరం గల నీటిగుర్తులు విరివిగా కనిపిస్తాయి. ఆ సంవత్సరం కంటె ముందు ఆ కాగితం మీద వ్రాయడం సాధ్యం కాదు. కాని మొక్కను అతికించిన పెద్ద పత్రం, చీటీ వేరువేరు కాలాలవి కావచ్చును. రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. పాత చీటీని ఊడదీయడం, మరకను తుడవడం, సిరాను తడపడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు.

తెలుగు పేర్ల సాక్ష్యం

మన ప్రాంతపు చీటీలలో రోమను లిపిలో వ్రాసిన తెలుగు పేర్లు తరచుగా ఉంటాయి. తెలుగు చదివిన పరిశోధకునికి ఇది ఇతరులకు లేని సౌలభ్యం. వీటిని మూడు విధాలుగా వినియోగించవచ్చును.

మొదటిది వర్ణక్రమం. ‘చెట్టు’లోని చకారాన్ని ఆంగ్లేయుడు సాధారణంగా రెండు అక్షరాలతో వ్రాస్తే, జర్మను అలవాటు ఉన్నవాడు నాలుగు అక్షరాలతో వ్రాసే అవకాశం ఉన్నది. తరంగంబాడి మిషనరీల వర్గానికీ, ఆంగ్ల వైద్యాధికారుల వర్గానికీ మధ్య తేడాను ఇది సూచించగలదు. ఇది బలహీనమైన ఆధారం. ఇతర ఆధారాలతో కలిసినప్పుడే పనికివస్తుంది.

రెండవది మాండలిక భేదం. ఒకే మొక్కను తీరంలో ఒక పేరుతోనూ, మన్యంలో మరొక పేరుతోనూ పిలుస్తారు. వాల్టర్ ఇలియట్ 1859లో ప్రచురించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల తెలుగు మొక్కల పేర్లకు శాస్త్రీయ నామాలు ఇచ్చిన జాబితా. ఆల్ఫ్రెడ్ విండ్‌హామ్ లషింగ్టన్ 1915లో మద్రాసు రాష్ట్రపు చెట్లు, పొదలు, తీగల దేశీయ నామాల పట్టికను వెలువరించాడు. చీటీలోని పేరును ఈ రెండింటితో పోల్చితే ప్రాంతం కొంతవరకు తేలుతుంది.

మూడవది మొక్క స్వభావంతో పొసగడం. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కొండ అడవుల చెట్టు. ఆ పేరు గల నమూనా చీటీలో డెల్టా పల్లపు గ్రామం ఉంటే, అది సేకరణ స్థలం కాక విడిది స్థలమో, పంపిన తపాలా ఊరో అయి ఉండవచ్చునని అనుమానించాలి.

ప్రయాణక్రమ పునర్నిర్మాణం

పై ఆధారాలన్నీ ఒక్కచోట కలిసేది ఇక్కడే. ఒకే చేతివ్రాత, ఒకే తీరు చీటీ గల నమూనాలను అన్నింటినీ సమకూర్చి, సంఖ్యల వరుసలో పేర్చాలి. ఇండియన్ వర్చువల్ హెర్బేరియం, క్యూ, ఎడిన్‌బరో, లండను సంగ్రహాల ఛాయాచిత్రాలు నేడు అంతర్జాలంలో లభిస్తున్నందున ఈ పని విద్యార్థికి సైతం సాధ్యమే. జీబీఐఎఫ్ సమాచార నిధిలో ఊరు, సంవత్సరం ఆధారంగా వెదకవచ్చును. ఒక నకలు మీద చెరిగిన పేరు మరొక సంస్థలోని నకలు మీద స్పష్టంగా ఉండవచ్చును.

తరువాత ఆ దారి ఆ కాలానికి సాధ్యమా అని పరీక్షించాలి. ఉత్తరాన కటకం వైపు తూర్పు తీర రైలుమార్గం 1893లో ప్రారంభమైనది. బెజవాడ, మద్రాసుల మధ్య రైలు 1899లో కలిసినది. అంతకు ముందు డెల్టా ప్రయాణం కాలువ పడవలు, బండ్ల మీద ఆధారపడినది. 1880లలో ఒకే సేకర్త ఉదయం మద్రాసులోను, మరునాడు బెజవాడలోను మొక్కలు కోసినట్లు తేలితే, వరుసలో ఎక్కడో ఇద్దరి నమూనాలు కలిసిపోయినవని అర్థం.

దారి, కాలం స్థిరపడిన పిమ్మటనే పేరు కోసం వెదకాలి. ఆ మాసంలో ఆ దారిలో ప్రయాణించిన ఉద్యోగి ఎవరు? దీనికి మద్రాసు ప్రభుత్వ సివిల్ జాబితాలు, ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్, అటవీ శాఖ వార్షిక నివేదికలు, గార్డన్ మెకంజీ 1883లో వ్రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉపయోగపడతాయి. ఇండెక్స్ హెర్బేరియోరం రెండవ భాగం, హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుల సూచిక సేకర్తల పేర్లకు ప్రామాణికాలు.

అభ్యాసం

విద్యార్థుల సాధన కోసం కల్పించిన ఒక పత్రాన్ని తీసుకొందము. అచ్చు శీర్షికలో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుని కార్యాలయం పేరున్నది. చేతివ్రాతలో ‘నరసాపురం, కృష్ణా జిల్లా, వరి పొలం గట్టు, గుంటగలగర, 312’ అని ఉన్నది. ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అన్న నిర్ధారణ మరొక చేతితో ఉన్నది. సేకర్త పేరు, తేదీ లేవు.

మొదటి మెట్టు: నరసాపురం కృష్ణా జిల్లాలో ఉన్నది 1904–1925 మధ్య. చీటీ వ్రాసిన కాలానికి ఇది తొలి అవధి.

రెండవ మెట్టు: గుంటగలగర దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. కనుక పూతను బట్టి మాసాన్ని చెప్పలేము. ఈ ఆధారాన్ని వదలివేయాలి.

మూడవ మెట్టు: అదే చేతివ్రాతతో 290 నుండి 335 వరకు దొరికిన పత్రాలను పేర్చగా, 309 పాలకొల్లు, 1911 ఫిబ్రవరి 11 అనీ, 318 బందరు, 1911 ఫిబ్రవరి 16 అనీ తేలినదనుకొందము. పాలకొల్లు, నరసాపురం, బందరు అన్నది సహజమైన దారి. కనుక 312వ నమూనా ఆ రెండు తేదీల మధ్యది కావడం సంభావ్యం.

నాలుగవ మెట్టు: ఆ కార్యాలయానికి అధిపతి అయిన శాస్త్రజ్ఞుని పేరు చీటీ శీర్షికను బట్టి వెంటనే స్ఫురిస్తుంది. కాని అతని నిశ్చితమైన చేతివ్రాతతో పోల్చగా అంకెల తీరు సరిపోలేదనుకొందము. అప్పుడు అతని పేరు వ్రాయడానికి ఆధారం లేదు. అది క్షేత్రానికి వెళ్ళిన సహాయకునిదో, నకలు వ్రాసిన గుమాస్తాదో కావచ్చును.

తుది నమోదు ఇట్లుండాలి: కాలం, 1911 ఫిబ్రవరి 11–16, సంభావ్యం, స్థలం, నరసాపురం, నిశ్చితం, సేకర్త, అజ్ఞాతం, ‘క’ చేతివ్రాత. పేరు దొరకకపోయినా ఈ పరిశ్రమ నిష్ఫలం కాదు. దాళ్వా కాలంలో నరసాపురం వరి గట్ల మీద ఈ మొక్క ఉండెనన్న సమాచారం పరిశోధనకు లభించినది. రేపు ‘క’ చేతివ్రాతకు పేరు దొరికిననాడు ఆ వరుసలోని నమూనాలన్నింటికీ ఒక్కసారిగా పేరు వస్తుంది.

నిర్ధారణ స్థాయిలు, నమోదు నియమాలు

గుర్తింపును నాలుగు స్థాయిలలో వ్యక్తపరచడం మేలు. సంతకంతో, లేక పేరున్న నకలుతో రుజువైతే నిశ్చితం. చేతివ్రాత, సంఖ్యల వరుస, ప్రయాణక్రమం మూడూ ఏకీభవిస్తే సంభావ్యం. వాటిలో ఒక్కటి మాత్రమే అనుకూలిస్తే సాధ్యం. మిగిలినవి అజ్ఞాతం.

పాత చీటీ మీద ఏమియు వ్రాయరాదు. గుర్తించిన పేరు, ఆధారం, స్థాయి, గుర్తించినవారి పేరు, తేదీ గల కొత్త చీటీని పక్కన అతికించాలి. సమాచార నిధిలో చీటీలోని మాటలను ఉన్నవి ఉన్నట్లుగా ఒక గడిలోనూ, మన వివరణను మరొక గడిలోనూ ఉంచాలి. ‘బెజవాడ’ను చెరిపి ‘విజయవాడ’ అని గాని, ‘కృష్ణా జిల్లా’ను చెరిపి ‘ఏలూరు జిల్లా’ అని గాని దిద్దితే, కాలనిర్ణయానికి ఆధారమైన సాక్ష్యమే నశిస్తుంది. సేకర్తల పేర్లను నమూనాలతో అనుసంధానించే బయోనోమియా వంటి వేదికలలో ‘సంభావ్య’ స్థాయికి తక్కువైన గుర్తింపులను చేర్చకుండుటే క్షేమం. అక్కడి నుండి పొరపాటు అనేక సమాచార నిధులకు పాకుతుంది.

పేరు లేని తెలుగు చేతులు

ప్రసిద్ధుల పేర్లకు నమూనాలను చేర్చే ఆతురతలో ఒక అన్యాయం జరిగే అవకాశం ఉన్నది. సర్కారుల అడవులలో, పొలాలలో మొక్కలను చూపినవారు, కోసినవారు, ఎండబెట్టినవారు చాలామంది స్థానికులు. వారి పేర్లు చీటీలకు ఎక్కలేదు. వారు చెప్పిన మాటలు మాత్రం ఎక్కినవి. జ్వరానికి పట్ట వాడే సోమిద చెట్టును రాక్స్‌బర్గ్ వర్ణించాడు. ఆ తెలుగు మాటే తరువాత సోయ్మిడా అన్న ప్రజాతి నామంగా స్థిరపడినది. ఆ పేరు చెప్పిన వ్యక్తి ఎవరో ఏ పత్రమూ చెప్పదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. రాబర్ట్ వైట్ తన గ్రంథాలలోని చిత్రాల మీద రంగయ్య, గోవిందు అన్న చిత్రకారుల పేర్లను ముద్రించాడు. ఒక ఆర్కిడ్‌కు గోవిందు పేరిట ‘గోవిందూయియా’ అని నామకరణం చేశాడు. పేరు వ్రాయడం ఆనాడు కూడా అసాధ్యమైన పని కాదని దీనివలన తెలుస్తున్నది.

కనుక ‘సేకర్త: రాక్స్‌బర్గ్’ అని ఆధారం లేకుండా పూరించడం కంటె ‘రాక్స్‌బర్గ్ సంగ్రహం, సేకర్త అజ్ఞాతం’ అని వ్రాయడం సత్యానికి దగ్గర. ఆ ఖాళీ పరిశోధనలోని లోపం కాదు. అక్కడ ఒక మనిషి ఉండెనన్న అంగీకారం.

నేటి చీటీలకు సూచనలు

వ్యవసాయ కళాశాలల విద్యార్థులు ఏటా కలుపు మొక్కల హెర్బేరియంలు తయారుచేస్తున్నారు. మరో వందేళ్ళకు ఇవే పాత నమూనాలవుతాయి. కనుక ఈ క్రింది నియమాలు పాటించదగినవి. సేకర్త పూర్తి పేరు, తెలుగులోను ఆంగ్లంలోను వ్రాయాలి. పొడి అక్షరాలు చాలవు. సేకరణ సంఖ్య ఒక్కొక్కరికి జీవితాంతం ఒకే వరుసగా సాగాలి. ఏటా ఒకటి నుండి మొదలుపెట్టరాదు. గ్రామం, మండలం, జిల్లాతో పాటు అక్షాంశ రేఖాంశాలను నమోదు చేయాలి. జిల్లాలు మారుతాయి, అక్షాంశాలు మారవు. సంవత్సరాన్ని నాలుగంకెలలో వ్రాయాలి. పంట, కాలం, నేల స్వభావం చేర్చాలి. మొక్కను చూపి పేరు చెప్పిన రైతు లేక కూలీ పేరును వారి అనుమతితో నమోదు చేయాలి. క్షేత్ర పుస్తకాన్ని నమూనాలతో పాటే కళాశాలకు అప్పగించాలి.

ముగింపు

అజ్ఞాత సేకర్తను గుర్తించడం ఊహతో చేసే పని కాదు. ఒక్కొక్క అవధిని బిగిస్తూ పోయే పని. కృష్ణా డెల్టాలో జిల్లా సరిహద్దులు, ఆనకట్ట, కాలువలు, రైలు మార్గాలు, తెలుగు పేర్లు ఆ అవధులను సమకూరుస్తున్నవి. తెలుగు చదవగలిగి, ఈ దారులను ఎరిగిన స్థానిక విద్యార్థులకు ఈ పనిలో ప్రత్యేక అర్హత ఉన్నది. ప్రతి కళాశాల తన హెర్బేరియంలోని పేరులేని పత్రాలను చేతివ్రాతల వారీగా వర్గీకరించి ఒక పట్టికను సిద్ధం చేయడం ఈ దిశలో తొలి కార్యం కావాలి. ఆ పట్టికలను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు, ఒక చోట అజ్ఞాతమైన చేయి మరొక చోట పేరుతో కనిపించే అవకాశం ఉన్నది.